పొయ్యి ఆర్పి నింపిన తూటాలు

1943. యుద్ధం జరుగుతున్న రోజులు. నరసరావుపేటలో రైలు స్టేషన్ నుంచి బజారుకు వచ్చే దారిలో మాకొక తుపాకుల షాపు ఉండేది. షాపనగానే గొప్పగా ఊహించుకోకండి. ముందు గదిలో ఒక గాజు బీరువా, రెండు కుర్చీలు. వెనక గదిలో మా నాన్న కాలం నాటి పనిబల్ల, దాని అంచున ఇనుమును పట్టి బిగించే వైసు, గోడకు వరసగా ఆకురాళ్లు. నాన్న పోయాక లైసెన్సు మస్తాన్ అన్న నా పేరుకు మారింది. మేం అమ్మే తుపాకులు తక్కువ, బాగుచేసేవి ఎక్కువ. స్ప్రింగు విరిగినవి, చెక్క పగిలినవి, ట్రిగ్గరు పట్టనివి, పల్నాడులో ఏ మూల తుపాకి మొరాయించినా మాచర్ల రైలెక్కి మా గుమ్మం దగ్గరికే వచ్చేది.

ఆ ఏడాది గాజు బీరువాలో దుమ్ము తప్ప ఏమీ లేదు. కంపెనీ తూటాలన్నీ యుద్ధానికే పోతున్నాయన్నారు. ఉత్తరాలు రాసినా జవాబు లేదు, వచ్చిన జవాబులో సరుకు లేదు. పని లేని షాపులో కూర్చోవడం నాకు చేతకాని విద్య. లేచి గుమ్మం దాకా వెళ్లడం, రైలు కూత విని స్టేషన్ వైపు చూడటం, మళ్లీ వచ్చి కూర్చోవడం, శుభ్రంగా ఉన్న తుపాకినే మళ్లీ తుడవడం. కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నావని మా ఆవిడ రోజుకోసారి అనేది. ఎందుకు తిరుగుతున్నానో నాకు మాత్రం తెలుసా? ఏదో జరగబోతుందన్న గుబులు ఆ రోజుల్లో ఊరందరికీ ఉండేది. నా ఒంట్లో అది కాస్త ఎక్కువగా ఉండేది, అంతే.

వచ్చినవాళ్లందరిదీ ఒకటే ప్రశ్న. కంపెనీ తూటాలు రాకపోతే మనమే నింపుకోవచ్చుగా, నింపుకుంటే గిట్టుద్దా?

తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు చెబుతాను. పన్నెండు బోరు తూటా అంటే ఒక పొట్టి గొట్టం. దాని అడుగున క్యాప్, అంటే దెబ్బ తగిలితే నిప్పు పుట్టించే చిన్న మూత. క్యాప్ పైన మందు. మందు మీద వాడ్, అంటే గట్టిగా బిగిసి కూర్చునే దళసరి బిళ్ల. ఆ పైన సీసపు గుళ్లు, గుళ్ల మీద మరో పలచని బిళ్ల. కాల్చాక ఇవన్నీ పోయి గొట్టం ఒక్కటే మిగులుతుంది. అది ఇత్తడిదైతే మళ్లీ నింపుకోవచ్చు. దీన్నే రీలోడింగ్ అంటారు. లైసెన్సు ఉన్నవాళ్లకు మందూ క్యాపులూ కాస్త దొరికేవి. నింపుకునే పనిముట్ల సెట్లు మా దగ్గర పాతవి కొన్ని ఉన్నాయి. తూటాలు లేని షాపుకు ఆ సెట్లే దిక్కు. కాబట్టి గిట్టుద్దా అని అడిగినవాడికి గిట్టదని చెప్పడానికి నాకూ నోరు రాదు కదా. మనిషిని చూసి, అతని చేతి నిదానాన్ని చూసి, ఏదో ఒకటి చెప్పేవాణ్ణి.

చెన్నయ్య అలా అడగడానికి వచ్చినవాడే. మాచర్ల అవతల అడవి అంచున వాళ్ల పల్లె. నాకంటే పదేళ్లు పెద్ద, నేను బాబాయ్ అనేవాణ్ణి. ఊరి చేలన్నిటికీ అతను తుపాకి కావలి. అడవిపందులు ఒక్కసారి జొన్నచేలో దిగాయంటే తెల్లారేసరికి చేను కాదు, తొక్కుడు గడ్డి మిగులుతుంది. అందుకని ఊరివాళ్లు కోతలప్పుడు ప్రతి కళ్లంలోనూ చెన్నయ్యకు జొన్న కొలిచేవాళ్లు. అతనికి సొంతంగా ఉన్నది రాళ్ల నేల, దాని మీద ఇల్లు గడవదు. కావలి జొన్న మీదే గడిచేది. తుపాకి పలికితేనే ఆ జొన్న. అతని గొడవంతా అదే.

ఆ రోజు భార్య కోటమ్మ కూడా వెంట వచ్చింది. చెన్నయ్య కుర్చీలో కూర్చుని లెక్క చెప్పుకుపోతున్నాడు. ఇత్తడి గొట్టాలు తన దగ్గర ఉన్నాయి, అవి ఎన్నేళ్లయినా అరగవు. వాడ్ బిళ్లలు పాత గొంగడి ముక్కల్లోంచి కొట్టుకోవచ్చు. పైన మైనం పోసి మూయడానికి అడవిలో తేనెపట్లకు కొదవలేదు. మందూ, క్యాపులూ, సీసం, ఇంతే కదా ఖర్చు. మరి పని ఎవరు చేస్తారంటే కోటమ్మ వైపు చెయ్యి చూపించాడు.

"దాని చెయ్యి వణకదు. ఇంటో పనేగా, దానికేం ఖర్చు," అన్నాడు.

కోటమ్మ సెట్టును చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. ఎట్లా వాడాలో, మందు పొయ్యడం మరిస్తే బిళ్ల తుపాకి గొట్టంలో ఎట్లా ఇరుక్కుంటుందో చెబుతుంటే రెండోసారి అడగకుండా పట్టేసింది. ఆవిడ అడిగింది ఒకే ఒక్క మాట, నిప్పు సంగతి ఏందని. మందు బయట ఉన్నంతసేపూ ఇంట్లో దీపం, చుట్ట, పొయ్యి ఏదీ ఉండకూడదని గట్టిగా చెప్పాను.

"పొయ్యి గూడా ఆర్పాల్నా అబ్బాయ్?"

"అన్నిటికంటే ముందు పొయ్యే పిన్నీ," అన్నాను.

ఆవిడ చెన్నయ్య వైపు చూసింది. చెన్నయ్య సెట్టు వైపు చూస్తున్నాడు. ఆ చూపులో ఏముందో నాకప్పుడు అర్థం కాలేదు, అర్థం చేసుకునే ఓపికా లేదు. చాన్నాళ్లకు ఒక సరుకు కదులుతుందన్న సంబరంలో ఉన్నాను.

కొంతకాలం బాగానే జరిగింది. చెన్నయ్య క్యాపుల కోసం వచ్చినప్పుడల్లా ఊరంతా తనను మెచ్చుకుంటోందని చెప్పేవాడు. చుట్టుపక్కల తుపాకులన్నీ మూలన పడ్డాయట, తనదే పలుకుతోందట. కంపెనీ తూటాకీ కోటమ్మ తూటాకీ పందికి తేడా తెలియడం లేదని నవ్వేవాడు. అతన్ని చూసి మరో నలుగురు సెట్లు కొన్నారు. కాల్చిన గొట్టాలను కోటమ్మ చింతపండుతో తోమి ఎండబెట్టి పంపేది. అవి బిందెల్లా మెరుస్తుండేవి. మందు మసి వదిలించకపోతే ఇత్తడి పాడవుతుంది, ఆ సంగతి ఆవిడకు ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది.

చలికాలం వెళ్తుండగా ఒకరోజు మాచర్ల నుంచి వచ్చిన షావుకారొకడు నా గుమ్మంలో నిలబడి, ఇంతకు ముందు చెప్పిపెట్టిన క్యాపులు తనకు వద్దన్నాడు. ఎందుకంటే నీళ్లు నమిలాడు. చివరికి చెప్పాడు. నా క్యాపులు చెమ్మ పట్టినవని, వాటివల్ల చెన్నయ్య తుపాకి పగిలి చెయ్యి పోగొట్టుకోబోయాడని మాచర్ల బజారంతా అనుకుంటున్నారట. ఆ మాట అంటున్నది ఎవరో కాదు, చెన్నయ్యే.

నాకు ఒళ్లు మండిపోయింది. తుపాకుల పనిలో పేరొక్కటే పెట్టుబడి. ఈ షాపు క్యాపు పేలదు అన్న మాట పుట్టాక ఇక బీరువా నిండినా ఖాళీగా ఉన్నా ఒకటే. అన్నం సయించలేదు. మాచర్ల వెళ్లి నలుగురిలో అతన్ని నిలదీద్దామని తువ్వాలు భుజాన వేసుకుని రెండుసార్లు స్టేషన్ దాకా వెళ్లి వెనక్కి వచ్చాను. డబ్బాలో మిగిలిన క్యాపులు తీసి వెనక గదిలో పరీక్షకు కొట్టి చూశాను. కొట్టినవన్నీ టపటపా పలికాయి. అయినా మనసు కుదుటపడలేదు. నాకు తెలిసినంత మాత్రాన బజారుకు తెలియదు కదా.

నేను వెళ్లకముందే వాళ్లే వచ్చారు. చెన్నయ్య ఎడమ చేతికి గుడ్డ కట్టు ఉంది. గొంగడిలో చుట్టిన తుపాకి కుడి చంకలో. వెనక కోటమ్మ, చేతిలో గంప. చెన్నయ్య లోపలికి రాకుండా అరుగు దగ్గరే మొదలుపెట్టాడు. నమ్మి కొంటే చెడ్డ సరుకు అంటగట్టానని, తన చెయ్యి పోయుంటే తన పిల్లలకు నేను కొలుస్తానా జొన్న అని. దారిన పోయేవాళ్లు ఆగి చూస్తున్నారు. నేనూ తగ్గలేదు. ముందు తుపాకి బల్ల మీద పెట్టు బాబాయ్, తిట్టుకోవడానికి రోజంతా ఉంది అన్నాను.

గొంగడి విప్పి చూస్తే కథ సగం తెలిసిపోయింది. తుపాకి గొట్టం మధ్యలో, చెయ్యి ఆనించే చెక్కకు కాస్త పైన, ఇనుము చుట్టూ ఉంగరంలా ఉబ్బింది. ఆ ఉబ్బు అంచున సన్నని పగులు. కింద చెక్క చీలి పేళ్లు లేచింది. ఆ పేళ్లే అతని అరచేతిని చీల్చాయి. ఇనుము ఇంకాస్త పలచనిదైతే ఆ చెయ్యి ఉండేది కాదు. నా కోపం సగం అక్కడే దిగిపోయింది.

అలాంటి ఉబ్బు ఒక్క కారణంతోనే వస్తుంది. గొట్టంలో ఏదో అడ్డం ఉండగా కాల్చాలి. ముందు కాల్చిన తూటాకు ఎలాంటి చప్పుడు వచ్చిందని అడిగాను. తుస్సుమందన్నాడు. చెడిపోయిన క్యాపు అలా కాక ఎలా పలుకుద్దని ఎదురడిగాడు. తుస్సుమన్నాక గొట్టంలోకి చూశావా అన్నాను.

"సంజేళ పందులు చేలో పడి బొక్కుతుంటే గొట్టంలోకి చూస్తా కూసుంటానా? ఇంకోటి పెట్టి కాల్చా."

ఇక్కడొక మాట చెప్పాలి. చెన్నయ్య చిన్నప్పటి నుంచీ వాడింది వాళ్ల నాన్న తుపాకి, మూతి లోంచి మందు పోసి కడ్డీతో దట్టించే పాతకాలంది. అందులో తుస్సుమంటే భయం లేదు. మళ్లీ మందు పోసి కడ్డీ దించినప్పుడు లోపల ఏదైనా అడ్డం ఉంటే కడ్డీయే చెబుతుంది, ఎప్పటికంటే పైనే ఆగిపోతుంది. గొట్టంలోకి కన్ను పెట్టి చూడాల్సిన అవసరం వాళ్లకు ఎన్నడూ రాలేదు. మధ్యలో మడిచి వెనక నుంచి తూటా పెట్టే కొత్త తుపాకికి కడ్డీ లేదు. చేతికి పాత తుపాకి అలవాటు అలాగే ఉంది, చెప్పే కడ్డీ మాత్రం లేదు. పల్నాడులో ఉబ్బిన గొట్టాలు నేను ఇంకా చూశాను. అన్నీ ఇలా పాత తుపాకి నుంచి కొత్త తుపాకికి మారినవాళ్లవే.

కానీ మొదటి తూటా ఎందుకు తుస్సుమంది? బజారు అడుగుతున్న ప్రశ్న అదే, నా షాపు నిలబడాల్సిందీ దాని మీదే. ఆ రోజు కాల్చిన గొట్టాలు తెచ్చారా అన్నాను. కోటమ్మ గంప ముందుకు జరిపింది. ఆ సాయంత్రం కాల్చినవి తోమకుండా అలాగే ఉన్నాయి.

తీసి వెలుతురులో చూశాను. ఒకదాని లోపల మసి, కాలిన చట్టి అడుగులా నల్లగా. రెండోదాని అడుగున క్యాపు మీద దెబ్బ పడిన గుంట స్పష్టంగా ఉంది, క్యాపు పేలింది, కానీ లోపల ఇత్తడి తళతళలాడుతోంది. మసి చుక్క లేదు. మందు కాలితే మసి రాకుండా ఉండదు. అంటే అందులో మందే లేదు. క్యాపు ఒక్కటే పేలి, ఆ కాస్త ఊపుకు వాడ్ బిళ్ల తుపాకి గొట్టం మధ్యదాకా వెళ్లి ఇరుక్కుంది. నా క్యాపు తన పని తాను చేసింది.

ఆ ఇత్తడి గొట్టం నా చేతిలో ఉంది. గుమ్మంలో జనం ఉన్నారు. దాన్ని పైకెత్తి నాలుగు మాటలు చెబితే నా షాపు పేరు ఆ క్షణంలో నిలబడుతుంది. చెప్పడానికి నోరు తెరిచాను కూడా. అప్పుడు కోటమ్మ మొహం కనపడింది. ఆవిడ నన్ను చూడటం లేదు, గొట్టాన్ని చూస్తోంది. అందులో మసి లేకపోవడం ఆవిడ నాకంటే ముందే, బహుశా ఇంటి దగ్గరే చూసింది. రోజూ ఆ మసి తోమే మనిషికి అది కనపడకుండా ఎలా ఉంటుంది? ఇప్పుడు నేను నోరు తెరిస్తే, మొగుడి చెయ్యి చీల్చిన మనిషిగా నలుగురి ముందు నిలబడేది ఆవిడ. గొట్టం బల్ల మీద పెట్టాను, మళ్లీ తీసుకున్నాను. గుమ్మంలో ఉన్నవాళ్లను పొమ్మని కసురుకుని తలుపు దగ్గరగా వేశాను. నాకు వచ్చిన తెలివి అంతే.

చెన్నయ్య ఇంకా క్యాపుల గురించే మాట్లాడుతున్నాడు. కోటమ్మ మధ్యలో అందుకుంది.

"క్యాపు గాదయ్యా. అందులో మందు లేదు. పొయ్యలా. నేనే మర్చిపోయా."

చెన్నయ్య ఆమె వైపు తిరిగాడు. ఆవిడ తల దించుకోలేదు, ఏడవనూ లేదు. గంప మీద చెయ్యి పెట్టుకుని, వంటింట్లో పని చెప్పినంత మామూలుగా చెప్పుకుపోయింది.

నింపే రోజున తెల్లారగానే పొయ్యి ఆర్పేదట. ఆ రోజంతా ఇంటిల్లిపాదీ చద్దన్నమే. యుద్ధం వచ్చాక అగ్గిపెట్టెలు దొరకడం లేదు, ఊళ్లో ఎవరి పొయ్యి చల్లారినా పిడక పట్టుకుని పక్కింటికి వెళ్లి నిప్పు తెచ్చుకోవడమే. కోటమ్మ పొయ్యి ఎప్పుడూ వెలుగుతుంటుందని ఆ వీధంతా ఆమె దగ్గరికే వస్తారు. మరి ఆ రోజు ఏం చెప్పాలి? మా ఇంట నిప్పు లేదు అని గృహిణి నోటితో అనకూడదు. పొయ్యి వెలగని ఇల్లంటే చావు జరిగిన ఇల్లే. అందుకని ఎవరైనా పిలిచినప్పుడల్లా మందు మీద బుట్ట బోర్లించి, వీధిలోకి వెళ్లి, ఇంట్లోకి రానివ్వకుండా ఏదో సాకు చెప్పి, ఎదురింటి నుంచి నిప్పు ఇప్పించి వచ్చేదట. వచ్చి కూర్చుంటే ఎక్కడ ఆపిందో మళ్లీ చూసుకోవాలి. ఆ రోజు పక్కింటి వీరమ్మ వచ్చి, పొద్దుటి నుంచీ పొగ రావటం లేదేంది, ఎవరికైనా బాగాలేదా అని గుచ్చి గుచ్చి అడిగిందట. ఆ మాట మనసులో పెట్టుకునే వచ్చి కూర్చుంది. ఒక గొట్టంలో మందు పోశాననుకుని వాడ్ పెట్టి దట్టించేసింది.

"ఇంటెనక చేనేగా, ఇంటో ఉండి ఇన్నా," అంది. "మన తుపాకి చప్పుడు నాకు తెలవదా? తుస్సుమంది. అప్పుడే తెలిసిపోయింది, అందులో నేను మందు పొయ్యలేదని. గొట్టంలో బిళ్ల ఇరుక్కునుంటదని ఈ అబ్బాయి మొదటి రోజే చెప్పాడు. కాల్చమాకయ్యా అని అరుసుకుంటా చేనెంబడి పరిగెత్తా. సగం దూరం పోయా. రెండోది పేలింది. ఆడే నిలబడ్డా. ముందుకు పోటానికి కాళ్లు రాలా. పోతే ఏం చూడాల్నో అని."

మళ్లీ తనే అంది. "నువ్వు కావలికి పోయిన పెతి దినం నేను చప్పుళ్లు లెక్కపెట్టుకుంటా కూసుంటా. అన్నీ గట్టిగా పలికితే అప్పుడు లేసి అన్నం వండుతా. నీకు తెలవదు."

చెన్నయ్య లేచి తలుపు తీసుకుని బయటికి వెళ్లిపోయాడు. అరుగు మీద చుట్ట ముట్టించి, పీల్చకుండానే ఆర్పేశాడు. అటు నాలుగడుగులు, ఇటు నాలుగడుగులు వేశాడు. నేనేమో లోపల వైసు తిప్పుతూ, విప్పుతూ ఉన్నాను. కోటమ్మ ఒక్కతే కదలకుండా నిలబడింది.

తిరిగి లోపలికి వచ్చాక చెన్నయ్య నాతో, బజార్లో అన్న మాట బజార్లోనే సరిచేస్తానన్నాడు. భార్యను ఒక్క మాట అనలేదు. ఆవిడే అంది, ఇక మీదట తను ఒక్కతే నింపదని. నింపే రోజున అతను కూడా ఎదురుగా కూర్చోవాలని, నిప్పుకొచ్చినవాళ్లకు అతనే జవాబు చెప్పాలని. చెన్నయ్య తలూపాడు.

ఆ తుపాకి గొట్టం బాగయ్యేది కాదు. నాన్న దాచిన పాత తుపాకుల్లోంచి ఒక గొట్టం వెతికి, సరిపెట్టి, పరీక్షించి ఇచ్చేసరికి చాలా రోజులు పట్టింది. ఈలోగా పందులు ఆగుతాయా? ఊరి చేలల్లో ఆ రోజుల్లో పోయిందే ఎక్కువ.

చెన్నయ్య మాట నిలబెట్టుకున్నాడు. క్యాపులు వద్దన్న షావుకారు మళ్లీ వచ్చాడు. నాకు ఊపిరి ఆడింది. అయినా రైలు వచ్చినప్పుడల్లా నా కళ్లు వాళ్ల కోసమే వెతికేవి. నింపుతున్నారో లేదో, ఎవరు నింపుతున్నారో, ఏ కబురు మోసుకొస్తుందో ఆ రైలు అని. మార్చిన గొట్టం నేనే బిగించాను కదా. ఆ గుబులు నా పనిబల్ల మీదికి కూడా ఎక్కి కూర్చుంది.

కోతలయ్యాక ఇద్దరూ వచ్చారు. చెన్నయ్య సెట్టు తీసి నా బల్ల మీద పెట్టాడు. తోమి, తుడిచి, నూనె రాసి ఉంది. తిరిగి తీసుకోమన్నాడు. గిట్టదు మస్తానూ అన్నాడు.

నేను ఆటపట్టించాను. ఏం బాబాయ్, అన్ని లెక్కలు చెప్పావు, ఇప్పుడు ఏ లెక్క తప్పింది అని. అతను నవ్వలేదు.

ఒప్పుకున్నట్టే ఎదురుగా కూర్చున్నాడట. పొద్దున్నే పొయ్యి ఆర్పారు. నిప్పుకొచ్చినవాళ్లకు జవాబు చెప్పలేక చచ్చాడు. మధ్యాహ్నానికి వీధిలో ఒకావిడ, చెన్నయ్య ఇంట్లో కూర్చున్నాడు, పొగ లేదు, ఏదో జరిగిందని అనుమానపడి పరామర్శకు కూడా వచ్చిందట. ఆ రోజు తన పని మూలపడింది. భార్య గుమ్మం చూసుకుంటుంటే తానే కొన్ని నింపాడు. ఆమె నింపినవి ఒక పక్క, తాను నింపినవి ఒక పక్క పెట్టుకుని చేలోకి వెళ్లాడు.

"పందులొచ్చినై," అన్నాడు చెన్నయ్య. "నేను నింపింది పెట్టా. గురి కుదిరింది. వేలు కదల్లా మస్తానూ. మందు పోశానా, రెండుసార్లు పోశానా, వాడ్ సరిగా కూసుందా. చెమటలు పట్టినై. ఆ తూటా తీసేసి, ఇదిగో, ఇది నింపింది పెట్టి కాల్చా. టక్కున కాల్చా, ఆలోచించనే లేదు."

కోటమ్మ అతని పక్కన నిలబడి ఉంది. ఆవిడ వైపు చూడకుండానే ఇంకో మాట అన్నాడు.

"ఇన్నాళ్లూ ఆ చెమటలన్నీ దీనికి పట్టినై. నేను లెక్కలో ఎయ్యలా."

కోటమ్మ కొంగుతో మొహం తుడుచుకుని, రైలు వేళవుతోందని గుర్తుచేసింది, అంతే. నాకు మాత్రం ఇప్పుడు రాస్తుంటే కూడా కళ్లు చెమరుస్తున్నాయి.

ఆ తర్వాత చెన్నయ్య చేతికి దొరికిన కొద్దిపాటి కంపెనీ తూటాలు జాగ్రత్తగా వాడుకుంటూ, మిగతా రోజులు డబ్బాలు కొడుతూ, మంటలు వేస్తూ, గొంతు చించుకుంటూ కావలి కాశాడు. పందులు తినేవి తిన్నాయి. ఊరివాళ్లు కొలిచిన జొన్న తగ్గింది. ఆ సంవత్సరాలు వాళ్లకు ఇబ్బందిగానే గడిచాయి. ఇందులో దాచాల్సిందేమీ లేదు, చేతితో నింపిన తూటా పొలాన్ని కాపాడిందీ నిజమే, అది లేక నష్టపోయిందీ నిజమే.

నేను సెట్లు అమ్మడం మానలేదు. నిదానంగా, తమ పని తామే చేసుకుని బాగుపడినవాళ్లూ ఉన్నారు. కాకపోతే గిట్టుద్దా అని ఎవరడిగినా మందు ధరా, సీసం ధరా చెప్పేముందు, నింపేది ఎవరు అని అడగడం మొదలుపెట్టాను. చాలామంది ఆ ప్రశ్నకు విసుక్కునేవాళ్లు, ఇంట్లో ఆడవాళ్లున్నారుగా అనేవాళ్లు. అలాంటివాళ్లకు సెట్టు ఊరికే ఇచ్చి పంపేవాణ్ణి. మీరే నింపి, మీరే కాల్చి రండి, అప్పుడు చెబుతాను గిట్టుద్దో లేదో అనేవాణ్ణి. ఎక్కువమంది గిట్టుద్దా అని అడగకుండానే సెట్టు తెచ్చి బల్ల మీద పెట్టి వెళ్లిపోయారు.